ఆకు పసుపెక్కగానే ఎప్సమ్ సాల్ట్ వేస్తున్నారా? ముందు ఏ ఆకు పసుపెక్కిందో చూడండి

నంద్యాలలో ఒక ఇంటి మేడ మీద ఇరవై దాకా కుండీలున్నాయి. టమాటా, పచ్చిమిర్చి, పుదీనా, రెండు గులాబీలు, ఒక గోరింటాకు మొక్క, మూలన పెద్ద సిమెంటు తొట్టిలో నిమ్మ. ఆ నిమ్మను ఇంటి పెద్దాయన తన చేత్తో పెట్టారు. అది కాపుకు రాకముందే ఆయన పోయారు. అందుకే మిగతా కుండీలు ఎండినా ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ, నిమ్మ ఆకు కాస్త పాలిపోతే చాలు, దాదీకి నిద్ర పట్టదు. రంజాన్‌లో షర్బత్‌కు ఆ చెట్టు కాయలే పిండాలి, బజారు కాయలు వద్దంటారావిడ.

పోయిన వేసవిలో ఆ నిమ్మకు కొత్తగా వచ్చిన చిగుళ్లు పసుపుగా, దాదాపు తెల్లగా రావడం మొదలైంది. మనవరాలు ఫోన్‌లో ఒక వీడియో చూసి ఎప్సమ్ సాల్ట్ ప్యాకెట్ తెప్పించింది.

"ఉప్పేస్తే మొక్క చచ్చిపోదా బేటీ?" అని దాదీ అడిగారు.

"ఇది తినే ఉప్పు కాదు దాదీ. దీంట్లో మెగ్నీషియం ఉంటుందంట. ఆకు పచ్చగా అవుతుందంట."

మనవరాలు చెప్పింది అబద్ధం కాదు. కానీ నిమ్మకు వేసిన చేత్తోనే మిగతా కుండీలన్నింటికీ వారానికో టీ స్పూను చొప్పున వేసుకుంటూ పోయారు. రెండు నెలలు గడిచాయి. నిమ్మ చిగుళ్లు పసుపుగానే ఉన్నాయి. పైగా టమాటా కాయల అడుగు నల్లబడి కుళ్లడం, మిర్చి ఆకుల అంచులు మాడటం మొదలైంది. మందు మంచిదే, రోగం వేరే. ఇలాంటి ఇళ్లు ఇప్పుడు చాలానే ఉన్నాయి. మేడ తోటలు పెరిగాయి, ఫోన్‌లో సలహాలు అంతకంటే ఎక్కువ పెరిగాయి. కాబట్టి ఈ తెల్లటి పలుకుల సంగతేంటో కాస్త వివరంగా చూద్దాం.

అసలు ఎప్సమ్ సాల్ట్ అంటే ఏంటి?

పేరులో సాల్ట్ ఉంది గానీ కూరలో వేసే ఉప్పుకూ దీనికీ సంబంధం లేదు. కూర ఉప్పు సోడియం క్లోరైడ్. ఇది మెగ్నీషియం సల్ఫేట్, అందులోనూ నీటిని తనలో పట్టి ఉంచుకున్న రూపం. ఇంగ్లండ్‌లో సర్రే అనే ప్రాంతంలో ఎప్సమ్ అని ఒక ఊరుంది. 1600ల మొదట్లో అక్కడి ఊటనీళ్లు చేదుగా ఉండటం, పశువులు ముట్టకపోవడం గమనించారని చెబుతారు. ఆ నీళ్లు మరిగిస్తే మిగిలిన చేదు పలుకులకు ఊరి పేరే వచ్చింది. నెహెమియా గ్రూ అనే ఆయన 1695లో ఈ ఉప్పు మీద ఒక పుస్తకమే రాశాడు. తమాషా ఏంటంటే, ఆయన వృక్షశాస్త్రంలో పెద్ద పేరున్న మనిషి, మొక్కల కాండాన్ని కోసి సూక్ష్మదర్శిని కింద చూసి బొమ్మలు గీసినవాడు. అయినా ఆ ఉప్పును మొక్కకు వేయాలని ఆ రోజుల్లో ఎవరికీ తోచలేదు. మనుషులకు జులాబు మందుగానే అది దేశదేశాలు తిరిగింది. ఇప్పటికీ మెడికల్ షాపులో అది దొరికేది ఆ పనికీ, వాచిన కాళ్లను వేడినీళ్లలో పెట్టుకోవడానికీ.

మొక్కల లెక్కలో చూస్తే ఇందులో మెగ్నీషియం సుమారు 10 శాతం, గంధకం సుమారు 13 శాతం. అంతే. నత్రజని లేదు, భాస్వరం లేదు, పొటాష్ లేదు. అంటే మొక్కకు తిండి మొత్తం ఇది కాదు. భోజనంలో ఉప్పూ పసుపూ ఎంత ముఖ్యమో ఇదీ అంతే ముఖ్యం. కానీ అన్నం పెట్టకుండా పసుపు చల్లితే కడుపు నిండదు కదా. "ఎప్సమ్ సాల్ట్ వేస్తే మొక్క గుబురుగా పెరుగుతుంది, పూలు రెట్టింపు వస్తాయి" అనే మాటల్లో చాలావరకు ప్యాకెట్ అమ్మేవాళ్ల ఉత్సాహమే ఉంది. అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీకి చెందిన లిండా చాకర్ స్కాట్ అనే ఉద్యానశాస్త్ర నిపుణురాలు ఈ ప్రచారాన్ని ఒక్కొక్కటిగా పరిశీలించి, ఇంటి తోటల్లో దీని వాడకానికి శాస్త్రీయ ఆధారం చాలా తక్కువని ఎప్పుడో రాశారు.

అలాగని మెగ్నీషియం అనవసరం అనుకుంటే అదీ తప్పే.

పెద్దాకు తన వాటా చిగురుకు ఇస్తుంది

ఆకు పచ్చగా ఉండటానికి కారణం పత్రహరితం. ఆ పత్రహరితం అణువుకు సరిగ్గా నడిబొడ్డున ఒక మెగ్నీషియం పరమాణువు ఉంటుంది. జర్మన్ రసాయన శాస్త్రవేత్త రిచర్డ్ విల్‌స్టాటర్ పత్రహరితం మీద చేసిన పరిశోధనకు 1915లో నోబెల్ బహుమతి వచ్చింది. పత్రహరితంలో మెగ్నీషియం ఉండటం ఏదో మలినం వల్ల కాదు, అది అణువులో భాగమేనని ఆ పరిశోధనతోనే తేలింది. కాబట్టి మెగ్నీషియం నిజంగా తగ్గితే మొక్క పచ్చదనం తయారు చేసుకోలేదు. ఎండ ఉన్నా తిండి వండుకోలేదు.

ఇక్కడే అసలు కీలకం ఉంది. మెగ్నీషియం మొక్క లోపల కదులుతుంది. వేరు నుంచి సరిపడా రానప్పుడు మొక్క ఏం చేస్తుందంటే, కింది ముదురు ఆకుల్లో ఉన్నదాన్ని లాగి పైన వచ్చే చిగుళ్లకు పంపిస్తుంది. ఇంట్లో సరుకు తక్కువైన రోజు పెద్దవాళ్లు తమ పళ్లెంలోది తీసి పిల్లల పళ్లెంలో వేసినట్టు. అందుకే మెగ్నీషియం లోపం ఎప్పుడూ ముందుగా కింది ఆకుల్లోనే బయటపడుతుంది. చిగురు పచ్చగానే ఉంటుంది.

ఆకు పసుపెక్కే తీరు కూడా వేరుగా ఉంటుంది. ఆకు మొత్తం ఒకేసారి పసుపవదు. ఈనెలు పచ్చగానే నిలబడతాయి, ఈనెకూ ఈనెకూ మధ్య ఉన్న భాగం పసుపెక్కుతుంది. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే పచ్చటి చేప ముల్లు బొమ్మలా కనిపిస్తుంది. నిమ్మ, బత్తాయి లాంటి వాటిలో ఇంకో గుర్తు ఉంది. ఆకు అంచులు పసుపెక్కి, తొడిమ దగ్గర మాత్రం పచ్చదనం త్రికోణంలా, తిరగేసిన 'వి' అక్షరంలా మిగులుతుంది. ఈ త్రికోణం ముదురు ఆకుల మీద కనిపిస్తే మాత్రం అనుమానం దాదాపు అక్కర్లేదు.

పత్తి రైతుల ఇళ్లలో పుట్టినవాళ్లకు ఇది ఇంకో రంగులో తెలుసు. పత్తిలో మెగ్నీషియం తగ్గితే ముదురు ఆకులు ఈనెల మధ్య ఎర్రబారతాయి. వ్యవసాయ శాఖ వాళ్లు లీటరు నీటికి 10 గ్రాముల మెగ్నీషియం సల్ఫేట్ కలిపి పిచికారీ చేయమని చెప్పేది దానికే. కేరళలో కొబ్బరి చెట్టుకు ఏడాదికి అరకిలో మెగ్నీషియం సల్ఫేట్ వేయమంటారు. అక్కడి మట్టి పులుపు నేల, వానలు విపరీతం, మెగ్నీషియం కొట్టుకుపోతుంది. అంటే ఇది పనికిరాని సరుకు కాదు. పొలాల్లో, తోటల్లో ఏళ్లుగా వాడుతున్నదే. అక్కడ లోపాన్ని చూసి వేస్తారు, ఇక్కడ మనం వీడియో చూసి వేస్తున్నాం.

మరి ఆ నిమ్మకు ఏమైంది?

దాదీ నిమ్మ సంగతికి వద్దాం. అక్కడ పసుపెక్కింది చిగుళ్లు. కింది ఆకులు ముదురు పచ్చగా ఉన్నాయి. ఈ ఒక్క ముక్క చాలు, అది మెగ్నీషియం లోపం కాదని చెప్పడానికి.

చిగురు పసుపెక్కి, సన్నటి ఈనెలు మాత్రం పచ్చగా వలలాగా కనిపిస్తుంటే అది చాలావరకు ఇనుము లోపం. ఇనుము మెగ్నీషియంలా కదలదు. ముదురు ఆకులో చేరింది అక్కడే ఉండిపోతుంది, చిగురు ఆకలితో పుడుతుంది. నంద్యాల, కర్నూలు వైపు సున్నపురాయి నేలలు ఎక్కువ. బోరు నీళ్లలోనూ సున్నం ఎక్కువే. సిమెంటు తొట్టి కూడా తన వంతు సున్నం వదులుతుంది. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందే రూపంలో ఉండదు. దానికి వాడాల్సింది అన్నభేది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి చల్లబడ్డాక ఆకుల మీద పిచికారీ చేయడం మన దగ్గర పాత పద్ధతే. ఎరువుల షాపులో అన్నభేది అంటే ఇచ్చేస్తారు, ఖరీదూ తక్కువే.

పసుపు ఒకటే అయినా కారణాలు చాలా. ఇంకొన్ని తేడాలు తెలుసుకుంటే డబ్బూ, మొక్కా రెండూ మిగులుతాయి. కింది ఆకులు ఈనెలతో సహా మొత్తంగా, సమానంగా పసుపెక్కుతుంటే అది నత్రజని తక్కువై. కుండీలో ఎరువు అయిపోయిందని అర్థం, రెండు గుప్పెళ్లు వర్మీకంపోస్టు వేయండి. కింది ఆకుల అంచులు మాడినట్టు గోధుమ రంగులోకి వస్తుంటే పొటాష్ తక్కువై ఉండొచ్చు, లేదంటే మట్టిలో ఉప్పు పెరిగి ఉండొచ్చు. నిమ్మలో కొత్త ఆకులు చిన్నవైపోయి, మచ్చలు మచ్చలుగా పసుపెక్కితే జింకు. ఆకు నిండా సూదితో పొడిచినట్టు సన్నటి చుక్కలుంటే ఆకు వెనక తిప్పి చూడండి, నల్లి ఉంటుంది. దానికి ఏ ఉప్పూ పనిచేయదు.

బెండ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బెండ ఆకులో ఈనెలే పసుపుగా మారి, మధ్య భాగం పచ్చగా ఉంటుంది. మెగ్నీషియం లోపానికి ఇది సరిగ్గా తలకిందులు. దాన్ని పల్లాకు తెగులు అంటారు, తెల్లదోమ మోసుకొచ్చే వైరస్. దానికి ఎప్సమ్ సాల్ట్ వేసి వేసి, తెగులు పక్క మొక్కలకు అంటేదాకా ఆగిన ఇళ్లు ఎన్నో. ఆ మొక్కను పీకి పారేయడమే మందు. మనసొప్పకపోయినా సరే.

ఇక నీళ్లు ఎక్కువైన కుండీ కూడా పసుపెక్కుతుంది. వేరుకు గాలి అందకపోతే మట్టిలో అన్నీ ఉన్నా తీసుకోలేదు. వేలు రెండు అంగుళాలు మట్టిలో గుచ్చి, తడిగా ఉంటే ఆ రోజు నీళ్లు ఆపడం అన్నింటికంటే చౌకైన వైద్యం.

మీ నీళ్లలో ఎంత ఉందో లెక్క వేశారా?

చాలామంది వదిలేసే విషయం ఒకటుంది. బకెట్ అంచున తెల్లగా గట్టకట్టే నీళ్లు, సబ్బు నురగ రాని నీళ్లు మన ఊళ్లలో మామూలే. నీటి గట్టిదనం అంటే దానిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియమే. అంటే బోరు నీళ్లు పోసే ప్రతిసారీ మీరు మొక్కకు కొంత మెగ్నీషియం పోస్తూనే ఉన్నారు.

చిన్న లెక్క చూద్దాం. తాగునీటికి మన దేశంలో ఉన్న ప్రమాణం ప్రకారం లీటరులో మెగ్నీషియం 30 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు, వేరే నీళ్లు దొరకనప్పుడు 100 దాకా ఒప్పుకుంటారు. మీ నీళ్లలో 30 ఉందనుకుందాం. పెద్ద కుండీకి రోజుకు 2 లీటర్లు పోస్తే 60 మిల్లీగ్రాములు. నెలకు 1,800 మిల్లీగ్రాములు, అంటే 1.8 గ్రాముల మెగ్నీషియం. ఎప్సమ్ సాల్ట్‌లో మెగ్నీషియం పదో వంతే కాబట్టి అది సుమారు 18 గ్రాముల ఎప్సమ్ సాల్ట్‌తో సమానం. అంటే మూడున్నర టీ స్పూన్లు. పైసా ఖర్చు లేకుండా, ప్రతి నెలా. వారానికో స్పూను వేసినదానికి ఇంచుమించు సమానంగా నీళ్లే ఇచ్చేస్తున్నాయి. దాని మీద మళ్లీ స్పూను వేస్తే అది ఖాతాలో జమ కాదు, మట్టిలో పేరుకుపోయే ఉప్పు.

కొన్ని ఇళ్లలో వుజూ చేసిన నీళ్లను తొట్టిలో పట్టి మొక్కలకు పోస్తారు. మంచి అలవాటు, నీళ్లు వృథా కావు. అవి బోరు నీళ్లయితే లెక్క ఇదే. ఆర్వో మిషన్ నుంచి బయటికి వదిలే నీళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. మంచినీళ్లలోంచి తీసేసిన లవణాలన్నీ ఆ నీళ్లలోనే చేరతాయి. రోజూ అవే పోస్తే ఆకు అంచులు మాడతాయి. వాటితో మేడ కడిగేయండి, మొక్కలకు ఎప్పుడో ఒకసారి తప్ప వద్దు.

ఇంకో వైపు చూస్తే, నిజంగా మెగ్నీషియం తక్కువయ్యే కుండీలు కూడా ఉన్నాయి. మట్టి లేకుండా అచ్చంగా కొబ్బరి పొట్టులో పెంచేవి మొదటివి. అపార్ట్‌మెంట్లలో బరువు తక్కువని ఇప్పుడు అందరూ అదే వాడుతున్నారు. కొబ్బరి పొట్టులో పొటాష్, సోడియం సహజంగా ఎక్కువ. కాల్షియం, మెగ్నీషియం తక్కువ. వచ్చిన కాస్త కాల్షియం, మెగ్నీషియాన్ని కూడా మొదట్లో పొట్టే పట్టి ఉంచుకుంటుంది. ఎడతెరిపి లేని వానల తర్వాత కుండీల్లోంచి పోషకాలు కిందికి కారిపోతాయి, అదొకటి. మూడోది మన చేతులారా చేసుకునేది. పూలు బాగా రావాలని అరటి తొక్కల నీళ్లు, కట్టెల బూడిద, పైన పొటాష్ ఎరువు, అన్నీ కలిపి పోసేస్తుంటాం. పొటాష్ ఎక్కువైతే వేరు మెగ్నీషియాన్ని సరిగ్గా తీసుకోలేదు. ఒకే తలుపు దగ్గర ఇద్దరు తోసుకుంటే బలమైనవాడు లోపలికి పోతాడు. ఇలాంటి చోట ముందు పొటాష్ తగ్గించాలి, ఆ తర్వాతే ఎప్సమ్ సాల్ట్ గురించి ఆలోచించాలి.

టమాటా అడుగు ఎందుకు కుళ్లింది?

ఎప్సమ్ సాల్ట్ గురించి జరిగే ప్రచారంలో అన్నింటికంటే నష్టం చేసేది ఈ టమాటా సలహానే. కాయ అడుగున నల్లటి మచ్చ పడి, తోలులా గట్టిపడి కుళ్లడానికి కారణం కాయకు కాల్షియం అందకపోవడం. మెగ్నీషియం కాదు. వేరు దగ్గర కాల్షియం, మెగ్నీషియం కూడా పోటీదార్లే. ఎప్సమ్ సాల్ట్ పోసేకొద్దీ కాల్షియం ఇంకా వెనకపడుతుంది, కుళ్లు ఇంకా పెరుగుతుంది. నంద్యాల మేడ మీద అదే జరిగింది.

పైగా చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, అది కాయదాకా చేరదు. కాల్షియం నీళ్లతో పాటే ప్రయాణం చేస్తుంది. ఒకరోజు మరిచిపోయి ఎండబెట్టి, మర్నాడు కుండీ పొర్లేలా పోస్తే ఆ ప్రయాణం తెగిపోతుంది. టమాటాకు ఉదయం ఒకే వేళకు, ఒకే కొలతతో నీళ్లు, మట్టి మీద ఎండుటాకుల పరుపు. సగం సమస్య దీంతోనే తీరుతుంది.

నిజంగా లోపమే అయితే ఎలా వాడాలి

ముదురు ఆకులే పసుపెక్కాయి, ఈనెలు పచ్చగా ఉన్నాయి, ఆకు వెనక పురుగు లేదు, నీళ్లు ఎక్కువ కాలేదు. అప్పుడు వాడండి, భయం లేదు. మట్టిలో వేసేకన్నా ఆకుల మీద చల్లడం మంచిది, ఎందుకంటే మట్టిలో ఉన్న పోటీ అంతా తప్పుతుంది, ఫలితం త్వరగా తెలుస్తుంది.

పొలం కొలత లీటరుకు 10 గ్రాములు, అంటే 1 శాతం. కుండీ మొక్కలకు మొదటిసారి దాంట్లో సగం, లీటరుకు 5 గ్రాములు చాలు. లీటరుకు ఒక మట్టసం టీ స్పూను, పోగు పోయకూడదు. మంచినీళ్లలో పూర్తిగా కరిగేదాకా కలపండి. ముందు ఒక్క కొమ్మకు చల్లి రెండు రోజులు చూడండి. ఆకు మాడకపోతే మొక్క మొత్తానికి చల్లొచ్చు. ఎండలో వద్దు, అస్ర్ దాటాక చల్లబడ్డాక చేయండి. ఎండలో నీళ్లు ఆరిపోయి ఉప్పు పలుకులు ఆకు మీద మిగిలితే మచ్చలు పడతాయి. ఆకు పైనా కిందా తడవాలి. పది పదిహేను రోజులకు మళ్లీ ఒకసారి, అవసరమైతే మూడోసారి. అంతకుమించి వద్దు.

పుదీనా, కొత్తిమీర లాంటివి పచ్చిగా తినే ఆకులు కాబట్టి వాటి మీద చల్లే పని పెట్టుకోకండి. అవి పసుపెక్కితే కోసేసి కొంచెం ఎరువు వేయండి, మళ్లీ వస్తాయి. పిచికారీ చేసే నీళ్లలో కాల్షియం నైట్రేట్ లాంటివి కలపకూడదు. చిక్కగా కలిపితే రెండూ కలిసి జిప్సంలా తెల్లటి మడ్డి కడతాయి, స్ప్రేయర్ నాజిల్ మూసుకుపోతుంది. రెంటికీ మధ్య వారం ఎడం ఉంచండి.

ఫలితం ఎక్కడ చూడాలో కూడా తెలియాలి. బాగా పసుపెక్కిన పాత ఆకు మళ్లీ పూర్తి పచ్చగా కావడం కష్టం. ఆ పసుపు పైఆకులకు పాకడం ఆగిందా లేదా అన్నదే గుర్తు. మూడు వారాలైనా పాకుతూనే ఉంటే మీ అంచనా తప్పు, ఉప్పు పెంచకండి, కారణం వేరే వెతకండి.

ఖర్చు సంగతి. ఇరవై కుండీల మేడకు ఒకసారి చల్లడానికి 2 లీటర్లు చాలు. లీటరుకు 10 గ్రాముల లెక్కనే వేసుకున్నా 20 గ్రాములు, మూడుసార్లకు 60 గ్రాములు. అంటే కిలో ప్యాకెట్ అలాంటి పదహారు విడతలకు వస్తుంది, కొన్ని ఏళ్లపాటు. "పెద్ద ప్యాక్ తీసుకుంటే లాభం" అనే ఆఫర్లకు పడిపోవాల్సిన అవసరమే లేదు. స్నానానికి వాడే రకాల్లో సువాసన, రంగు కలిపి ఉంటాయి, అవి మొక్కలకు వద్దు. ఎరువుల షాపులో మెగ్నీషియం సల్ఫేట్ అని అడగండి. 'గార్డెన్ స్పెషల్' అని పూల బొమ్మ వేసి అమ్మేదీ అదే సరుకు, బొమ్మకు వేరే రేటు.

ప్యాకెట్‌ను వంటింట్లో మాత్రం పెట్టకండి. చూడ్డానికి చక్కెరలా, కల్లుప్పులా ఉంటుంది. పొరపాటున కూరలోనో షర్బత్‌లోనో పడితే విరేచనాలు పట్టుకుంటాయి. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మెగ్నీషియం ఒంట్లో పేరుకుని ప్రమాదమే అవుతుంది. ఎరువుల రకం తాగడానికి అసలే పనికిరాదు. పేరు రాసిన డబ్బాలో, పిల్లల చేతికి అందని చోట పెట్టండి.

మట్టి పరీక్ష చేయిస్తే తెలుస్తుంది కదా అనొచ్చు. తెలుస్తుంది, కానీ అడిగి చేయించాలి. 2015లో మొదలైన సాయిల్ హెల్త్ కార్డులో 12 అంశాలు చూస్తారు. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీస్, బోరాన్, పీహెచ్, లవణాల శాతం, సేంద్రియ కర్బనం. ఆ పన్నెండింటిలో మెగ్నీషియం లేదు. మాంగనీస్ అనేది చూసి మెగ్నీషియం అనుకునేవాళ్లూ ఉన్నారు, రెండూ వేరు. కృషి విజ్ఞాన కేంద్రానికో, వ్యవసాయ యూనివర్సిటీ ల్యాబ్‌కో వెళ్తే కాల్షియం, మెగ్నీషియం విడిగా చేస్తారా అని ముందే అడగండి. మేడ మీద నాలుగు కుండీలకు అంత దూరం అక్కర్లేదు గానీ, నిమ్మతోటో బత్తాయితోటో ఉన్నవాళ్లకు ఆ ఖర్చు వృథా కాదు. ముందుగా మట్టి, ఆకు రెండూ తీసుకెళ్లండి, మట్టిలో ఉండి ఆకులో లేకపోతే సమస్య వేరుగా ఉంటుంది.

ఇప్పటికే ఎక్కువ వేసేసినవాళ్లు కంగారు పడక్కర్లేదు. కుండీ అడుగున రంధ్రం మూసుకుపోకుండా చూసి, కుండీ పరిమాణానికి రెండు మూడింతల మంచినీళ్లు నెమ్మదిగా పోసి కిందికి కారిపోనివ్వండి. ఎప్సమ్ సాల్ట్ నీళ్లలో తేలిగ్గా కరుగుతుంది, కాబట్టి తేలిగ్గానే బయటికి పోతుంది. దాంతో పాటు మిగతా ఎరువూ కొంత పోతుంది గనుక వారం తర్వాత గుప్పెడు కంపోస్టు వేయాలి. వాన నీళ్లు పట్టుకుని ఉంటే ఇంకా మంచిది, వాటిలో లవణాలు దాదాపు ఉండవు.

నంద్యాల ఇంట్లోనూ అదే చేశారు. కుండీలు కడిగారు, టమాటాకు నీళ్ల వేళలు సరిచేశారు. నిమ్మకు అన్నభేది రెండుసార్లు చల్లారు. మొదట్లో వచ్చిన తెల్లటి చిగుళ్లు అలాగే ఉండిపోయాయి. ఆ తర్వాత వానలకు వచ్చిన చిగురు మాత్రం పచ్చగా వచ్చింది. మిగిలిన ఎప్సమ్ సాల్ట్ ప్యాకెట్‌ను దాదీ మోకాళ్ల నొప్పికి వేడినీళ్లలో వేసుకుంటున్నారు.